శిఖరానికి రెండు టిక్కులు ఇవతల

ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పాత యమహా ఆర్‌ఎక్స్ 100 మీ వీధిలోంచి దూసుకుపోయిన చప్పుడు గుర్తు తెచ్చుకోండి. దాని వెనకే ఓ బుల్లెట్ బండి వెళ్ళిందనుకోండి. మొదటిది చెవి పక్కన కందిరీగ తిరిగినట్టుంటుంది. రెండోది గుండె మీద ఎవరో తట్టినట్టుంటుంది. మొదటిది టూ స్ట్రోక్, రెండోది ఫోర్ స్ట్రోక్. ఈ పూట నేను చెప్పబోయేది ఆ రెండో జాతి ఇంజను గురించే. కాకపోతే ఇది గుప్పిట్లో ఇమిడిపోతుంది. రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానం ముక్కు మీద కూర్చుంటుంది.

నా దగ్గరున్నది 8.5 సీసీ ఇంజను. దగ్గు మందు రెండు చెంచాలు పోస్తే పొంగిపోయేంత సిలిండరు. అది 12 అంగుళాల ప్రొపెల్లర్‌ని నిమిషానికి 9,600 చుట్లు తిప్పుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారే లోపల ఇంధనం మండుతుంది. అంటే సెకనుకు 80 పేలుళ్ళు. ఇంచుమించు అదే సైజు టూ స్ట్రోక్ అయితే 12,000 చుట్లు తిరుగుతూ చుట్టుచుట్టుకీ పేలుతుంది, సెకనుకు 200. ఒకటి తంబురా మంద్రం, రెండోది దంతాల డాక్టరు మర. ఊరి చివర మైదానంలో ఆదివారం పొద్దున్నే విమానాలు ఎగరేసుకునే మాలాంటి వాళ్ళని చుట్టుపక్కల జనం భరిస్తారా, కర్ర పట్టుకుని వస్తారా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

1876లో జర్మనీలో నికొలౌస్ ఒట్టో ఫోర్ స్ట్రోక్ ఇంజను నడిపించి చూపించాడు. సరిగ్గా నూరేళ్ళకి, 1976లో, జపాన్‌లోని ఒసాకా నుంచి ఓ.ఎస్. అనే కంపెనీ ఎఫ్‌ఎస్-60 పేరుతో మోడల్ విమానాల ఫోర్ స్ట్రోక్‌ని పెద్ద సంఖ్యలో తయారుచేసి బజార్లోకి తెచ్చింది. 10 సీసీ ఇంజను. ఓ.ఎస్. అంటే ఒగావా షిగెయో. 1936లో ఆ కంపెనీ పెట్టినాయన పేరులోని పొడి అక్షరాలే అవి. ఆ మొదటి ఇంజనుకు వాల్వుల్ని నొక్కే రాకర్లు పైన బాహాటంగా ఆడుతూ కనిపించేవి. తర్వాత సైతో, ఎన్యా, వై.ఎస్. కంపెనీలు కూడా ఈ దారి పట్టాయి. విన్యాసాల పోటీల్లో ఒక కాలంలో అంతర్జాతీయ నిబంధన ఎలా ఉండేదంటే, టూ స్ట్రోక్‌కి 10 సీసీ దాటకూడదు, ఫోర్ స్ట్రోక్‌కి మాత్రం 20 సీసీ దాకా అనుమతి. నెమ్మదస్తుడికి రెండు ముద్దలు ఎక్కువ వడ్డించినట్టన్నమాట. దాంతో పోటీ మైదానాల గొంతే మారిపోయింది.

నేను ఇంజన్ల జోలికి వచ్చింది ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో. అప్పట్లో మాకు రిమోట్లు లేవు. రెండు సన్నటి స్టీలు తీగలు చేత్తో పట్టుకుని, మనం గిరగిరా తిరుగుతూ విమానాన్ని మన చుట్టూ ఎగరెయ్యాలి. పది చుట్లయ్యేసరికి విమానం బాగానే ఉండేది, మేమే తూలిపడేవాళ్ళం. వాటికి బుల్లి డీజిల్ ఇంజన్లు. ఈథరు, కిరోసిను, ఆముదం కలిపి పోసేవాళ్ళం. ఆ వాసన చొక్కాకి పట్టిందంటే మూడు ఉతుకులకి గానీ వదిలేది కాదు.

ఈ ఆముదం సంగతి కాస్త చెప్పాలి. ‘ఆముదం తాగిన మొహం’ అంటాం కదా, ఈ ఇంజను మాత్రం ఆముదం తాగితేనే మొహం విప్పుతుంది. కారణం ఉంది. ఇప్పుడు నేను వాడే గ్లో ఇంజను, అంటే వేడి తీగతో వెలిగే రకం, ప్రధానంగా మిథనాల్ మీద నడుస్తుంది. మామూలు వంటనూనెలేవీ మిథనాల్‌లో సరిగ్గా కలవవు, ఆముదం కలిసిపోతుంది. పైగా ఇంజను మితిమీరి వేడెక్కినప్పుడు సింథటిక్ నూనెలు ఆవిరై కాలిపోయేచోట ఆముదం చిక్కబడి, లోహానికి అంటిపెట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, ల రోన్ ఇంజన్ల విమానాలు తాగింది కూడా ఆముదమే. అక్కడ కారణం తిరగేసి ఉంది. ఆముదం పెట్రోల్‌లో తేలిగ్గా కరగదు కాబట్టి పలచబడేది కాదు. ఆ పొగ పీల్చిన పైలట్లకి కడుపు కదిలేదని చెప్పుకుంటారు. మన మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలల్లో పండే గింజకి ఇంత చరిత్ర ఉందని తెలిశాక నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఆ గర్వంతోనే ఒక తప్పు చేశాను. అమ్మమ్మ కాచిన వంటాముదం సీసా ఎత్తుకొచ్చి ఇంధనంలో కలిపాను. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి పైకి తేలింది తీసే ఆముదం అది. పసిపిల్లల మాడుకి దివ్యంగా ఉంటుంది. దాంట్లో మిగిలిన తడి, సన్నటి మడ్డి కలిసి గంటలో ఫిల్టరుని పూడ్చేశాయి. ఇంజనుకి కావలసింది వేడి తగలకుండా పిండి, జిగురు తీసి, శుభ్రంగా వడకట్టిన ఆముదం. ఇప్పుడు నేను వాడే పాళ్ళు చెప్తాను. నూటికి 20 పాళ్ళు నూనె, అందులో కొంత ఆముదం, కొంత సింథటిక్. 5 నుంచి 10 పాళ్ళు నైట్రోమీథేన్. మిగతాదంతా మిథనాల్.

మిథనాల్ అన్నాను గనక ఒక మాట గట్టిగా చెప్పాలి. కల్తీ సారా తాగి చూపు పోయింది, ప్రాణం పోయింది అని పేపర్లో చదువుతామే, ఆ పని చేసేది ఇదే. దీన్ని మంచినీళ్ళ సీసాలో ఎన్నడూ పోయకండి. మండితే పగటి వెలుగులో మంట కళ్ళకి కనబడదు. చెయ్యి చురుక్కుమన్నాకే తెలుస్తుంది.

ఇక దీన్ని వెలిగించేది గ్లో ప్లగ్. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ దీన్ని అమ్మకానికి తెచ్చాడు. లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే ఎర్రగా కాలుతుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా చల్లారదు, ప్లాటినానికీ మిథనాల్ ఆవిరికీ మధ్య జరిగే చర్యే ఆ తీగని కణకణలాడిస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో మంట రెండు చుట్లకోసారే గనక, మధ్యలో ఆ తీగ చల్లబడే అవకాశం ఎక్కువ. అందుకే దీనికి వేడిని బాగా నిలుపుకునే ప్లగ్ వేరుగా ఉంటుంది, ఓ.ఎస్. వాళ్ళయితే దాన్ని ‘ఎఫ్’ రకం అంటారు. ఐడ్లింగ్‌లో ఊరికూరికే ఆగిపోతోందని కార్బొరేటరు విప్పి కూర్చునేవాళ్ళని చాలామందిని చూశాను. ముందు ప్లగ్ మార్చి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, శ్రుతి చెయ్యడం.

ఇంజనులోకి గాలి, ఇంధనం ఏ పాళ్ళలో పోవాలో నిర్ణయించేది నీడిల్. తిప్పి బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. ఒక్కొక్క మెట్టుకీ టిక్కు, టిక్కు మంటుంది. ఇంధనం ఎక్కువైతే మిశ్రమం చిక్కన, తక్కువైతే పలచన అనుకుందాం. మా వాళ్ళు రిచ్, లీన్ అంటారు. పెట్రోల్ ఒక పాలు మండాలంటే బరువులో దాదాపు 15 పాళ్ళ గాలి కావాలి. మిథనాల్‌కి ఆరున్నర పాళ్ళు చాలు. అంటే గాలి అంతే ఉన్నా మిథనాల్ రెండింతలకి పైగా తాగుతుంది. తాగినదంతా ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుంటుంది. ఇంజను నడుస్తుండగా కార్బొరేటరు ముట్టుకుంటే కుండలా చల్లగా, చెమ్మపట్టి ఉంటుంది. ఇంధనమంటే ఇక్కడ నిప్పుకి ఆహారమే కాదు, ఇంజనుకి చల్లనీళ్ళు కూడా. మిశ్రమాన్ని పలచన చేస్తే ఆ రెండోదాన్ని కూడా కోసేస్తున్నట్టు లెక్క.

టూ స్ట్రోక్ దగ్గర చెవికి పని సుళువు. చిక్కగా ఉన్నప్పుడు అది ఒక చుట్టు మండి, ఒక చుట్టు మిస్సయి బొంగురుగా గురగురలాడుతుంది. నీడిల్ బిగిస్తూ పోతే ఒకచోట ఠక్కున గొంతు మారి కీచుగా అందుకుంటుంది. ఆ మలుపు చెవిటివాడికి కూడా తెలుస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఆ మలుపు ఇవ్వదు. బిగించేకొద్దీ గొంతు కొంచెం కొంచెం తేటపడుతూ ఉంటుంది, అంతే. ఇంకొక టిక్కు, ఇంకా బాగుంది. ఇంకొక టిక్కు, ఆహా. చెవికి అన్నిటికన్నా హాయిగా వినిపించే ఆ చోటే శిఖరం. దాని అంచు అవతల లోయ ఉంటుంది, ఆ సంగతి చెవి చెప్పదు.

నాకు ఈ పాఠం ఒక ప్రొపెల్లర్ నేర్పింది. కొత్త ఇంజను, మొదటి నెల. నేల మీద అద్భుతంగా పాడింది, మురిసిపోయి ఇంకొక టిక్కు బిగించాను. లోపల వేడి పెరిగి, ఇంధనం వేళ కాకముందే అంటుకుంది. పైకి వస్తున్న పిస్టన్‌ని వెనక్కి తన్నింది. ఇంజను ఠప్పున ఆగింది గానీ ప్రొపెల్లర్ తన ఊపులో తాను తిరుగుతూనే ఉంది. నట్టు తనంతట తానే ఊడొచ్చింది. 12 అంగుళాల రెక్క నా మోచేతి పక్కనుంచి పోయి ఇరవై అడుగుల అవతల చింతచెట్టు మొదట్లో పడింది. నేను వెనక నిలబడ్డాను కాబట్టి ఈ రోజు రెండు చేతులతో మైకు ముందు కూర్చున్నాను. ఫోర్ స్ట్రోక్‌కి ఈ తన్నే గుణం సహజం. అందుకే దీని ప్రొపెల్లర్‌కి ఒక నట్టు చాలదు, దాని మీద ఇంకో నట్టు బిగించి లాక్ చెయ్యాలి. నీడిల్ తిప్పేటప్పుడు ఎప్పుడూ ప్రొపెల్లర్ వెనకే ఉండాలి. లుంగీతో, వేలాడే చున్నీతో దాని దగ్గరకి పోకూడదు.

మరి ఎక్కడ ఆపాలి? ఇంజనుని ఒక నిమిషం వేడెక్కనివ్వండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నీడిల్‌ని ఒక్కో టిక్కూ బిగించండి. టిక్కుకీ టిక్కుకీ మధ్య నాలుగైదు సెకన్లు ఆగాలి, అది సర్దుకోవడానికి టైము పడుతుంది. చుట్లు లెక్కపెట్టే టాకోమీటరు ఉంటే వెనకనుంచి చూపించండి. 9,600, 9,700, 9,800, మళ్ళీ 9,800. శిఖరం అదే. ఇప్పుడు వెనక్కి తిప్పండి. రెండు మూడు టిక్కులు, లేదా మీటరు మీద ఓ 300 చుట్లు తగ్గేదాకా. కొత్తవాళ్ళకి ఇక్కడ ప్రాణం ఒప్పదు. చేతికొచ్చిన బలాన్ని వదులుకోవడమేమిటని. కానీ గాల్లోకి వెళ్ళాక ప్రొపెల్లర్ మీద భారం తగ్గి, నేల మీద కన్నా చుట్లు పెరుగుతాయి. ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా ఎక్కితే ట్యాంకులో ఇంధనం ఎదురెక్కి రావాలి. రెండూ మిశ్రమాన్ని పలచన చేసేవే. వదులుకున్న ఆ 300 చుట్లూ అక్కడ ఖర్చవుతాయి. అనుమానం ఉంటే, తోడున్నవాళ్ళని విమానం గట్టిగా పట్టుకోమని, పూర్తి థ్రాటిల్‌లో ముక్కు ఆకాశానికెత్తి పది సెకన్లు ఉంచండి. గొంతు పడిపోతే ఇంకా బిగువుగా ఉన్నట్టు.

ఐడ్లింగ్‌కి వేరే స్క్రూ ఉంటుంది. పెద్ద నీడిల్ పని అయ్యాకే దాన్ని ముట్టుకోవాలి. నిమిషానికి 2,200 నుంచి 2,500 చుట్ల దగ్గర నిలబెట్టి, ఇంధనం వచ్చే సిలికాన్ గొట్టాన్ని వేళ్ళతో నొక్కండి. వెంటనే ఊపిరి ఆగిపోతే పలచన. ఆగిపోయే ముందు చాలాసేపు చుట్లు పెరుగుతూ పోతే చిక్కన. కాస్త పుంజుకుని ఆగిందంటే సరిపోయింది. ఆ తర్వాత థ్రాటిల్ ఒక్కసారి తెరిచి పికప్ చూసుకోండి. పొగ కక్కుతూ తడబడితే చిక్కదనం, మాటామంతీ లేకుండా చచ్చిపోతే పలచదనం.

ఇంత చేసి కుదిర్చిన శ్రుతి కూడా శాశ్వతం కాదు. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైన ఉంది. విశాఖ తీరంతో పోలిస్తే ఇక్కడి గాలి సుమారు 5 శాతం పలచన. హైదరాబాదులో సరిపెట్టిన ఇంజనుని విశాఖ తీసుకెళ్ళి అలాగే ఎగరేస్తే, అక్కడి దట్టమైన గాలికి ఈ ఇంధనం చాలదు, మిశ్రమం పలచనైపోతుంది. మే నెల మధ్యాహ్నపు సెట్టింగు డిసెంబరు తెల్లవారుజామున కూడా అదే ప్రమాదం తెస్తుంది. ఎండకీ చలికీ మధ్య గాలి సాంద్రతలో తేడా 10 శాతం దాకా రావచ్చు. చలి పొద్దుల్లో నీడిల్ కొంచెం వదులు చేసి మొదలుపెట్టడం నా అలవాటు.

చెవి మోసపోయే చోటు ఇంకొకటుంది. ఇంజను మొండికేస్తుంది, ఎంత తిప్పినా అందుకోదు, చేతికి కంప్రెషను తగలదు. ప్లగ్ బాగుంది, ఇంధనం బాగుంది. అప్పుడు ట్యాపెట్ చూడాలి. బండి మెకానిక్కు చేసే పనే, కొలతలే బొమ్మల కొలువు సైజు. వాల్వు కాడకీ రాకర్‌కీ మధ్య సందు 0.04 మిల్లీమీటరు నుంచి 0.1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. ఇంచుమించు తల వెంట్రుక మందం. సందు అసలు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఊపిరి కారిపోతుంది. మరీ ఎక్కువైతే టకటక కొట్టుకుంటుంది, వాల్వు తెరుచుకోవలసినంత తెరుచుకోదు. నా ఇంజను ఆ చప్పుడు చేస్తుంటే చాలా రోజులు ప్రొపెల్లర్ చప్పుడనుకున్నాను.

ఈ పని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. పైన మూత విప్పండి. ప్రొపెల్లర్‌ని నడిచే దిక్కుకే మెల్లగా తిప్పుతూ, గాలి లోపలికి తీసుకునే వాల్వు ఒకసారి తెరుచుకుని మూసుకునేదాకా చూడండి. ఇంకొంచెం తిప్పితే చేతికి ఒత్తిడి తగులుతుంది. పిస్టన్ పైకొచ్చింది, రెండు వాల్వులూ మూసుకున్నాయి. లాక్ నట్టు చిన్న పానాతో వదులు చేసి, 0.04 ఫీలర్ గేజ్ రేకు దూరాలి, 0.1 రేకు దూరకూడదు, అలా స్క్రూ సర్దండి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ దాంతోపాటు తిరుగుతుంది, అందుకని బిగించాక మళ్ళీ కొలవాలి. కొత్త ఇంజనుకి మొదటి గంట నడిపాక ఒకసారి, ఆ పైన అప్పుడప్పుడు చూస్తే చాలు. అనవసరంగా రోజూ కెలికితే చేతి దురద తీరుతుంది గానీ ఇంజనుకి ఒరిగేదేమీ లేదు.

మొదలుపెట్టడంలో ఒక్క జాగ్రత్త. కార్బొరేటరు మూతికి వేలు అడ్డం పెట్టి ప్రొపెల్లర్ తిప్పితే ఇంధనం లోపలికి వస్తుంది. ఉత్సాహం ఎక్కువైతే సిలిండరు నిండా వస్తుంది. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు. ఆ స్థితిలో ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టి గిర్రున తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. బిగదీసినట్టుంటే ప్లగ్ విప్పి, ఇంజనుని బోర్లించి, ఒలకబొయ్యండి.

ఇక సంరక్షణ. ఈ ఇంజనుకి కారుకున్నట్టు నూనె తొట్టి ఉండదు. ఇంధనంలో ఉన్న నూనె పిస్టన్ రింగు పక్కనుంచి జారి, కింద క్రాంకునీ బేరింగులనీ తడిపి, వెనకున్న చిన్న గొట్టంలోంచి బయటికి కారుతుంది. నూనెతోపాటు మండగా మిగిలిన ఆమ్లాలు కూడా అక్కడికే చేరతాయి. మిథనాల్ గాల్లోని చెమ్మని పీల్చుకునే రకం. ఎగరేయడం అయిపోయాక ఇంజనుని అలాగే అటకెక్కిస్తే, ఆమ్లం, చెమ్మ, స్టీలు బేరింగు, ఈ మూడూ ఒకే గదిలో ఉన్నట్టు. నాకొక ఇంజను అలా పోయింది. వానాకాలం మైదానమంతా బురద, రెండు నెలలు పెట్టె తెరవలేదు. దసరాకి తీసి తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది. బేరింగులు విప్పేసరికి పెట్టెలో ఎర్రటి తుప్పు పొడి. బేరింగులు మార్చడానికి ఇంజనుని వేడి చేసి కొట్టి తీయాలి. ఆ పని గురించి ఇక్కడ చెప్పను, మొదటిసారి పక్కనున్నవాళ్ళు చేస్తుంటే చూడాలి.

ఆముదం మిగిల్చే గోధుమరంగు పూత ఇంకో తలనొప్పి. లక్కలా గట్టిపడి సబ్బుకి లొంగదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలన్నీ తీసేసి, కారు రేడియేటర్లో పోసే కూలెంట్‌లో సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచితే ఊడివస్తుంది. కూలెంట్ విషం. దానికి వాడిన గిన్నె మళ్ళీ వంటింటి ముఖం చూడకూడదు. నేను పప్పుగిన్నె వాడాను. ఆ రోజు ఇంట్లో విన్న శ్రుతి ఏ ఇంజనుదీ కాదు.

సాయంత్రం నేను చేసేది ఇదీ. చివరి ల్యాండింగు అయ్యాక ఇంజనుని ఐడ్లింగ్‌లో ఉంచి, ఇంధనం గొట్టం నొక్కి, ఉన్న చుక్కలన్నీ మండిపోయి ఆగేదాకా ఆగుతాను. ట్యాంకు ఒంపేస్తాను. కార్బొరేటరు మూతిలో నాలుగు చుక్కలు, వెనక గొట్టంలోకి సిరంజితో మరికాస్త, పవర్ స్టీరింగులో పోసే ఎర్ర నూనె వేస్తాను. సిలికాన్ గొట్టాలకి మాత్రం అంటనివ్వను. పది పన్నెండు చుట్లు చేత్తో తిప్పుతాను. ఆ చివరి చుట్టు మెల్లగా తిప్పి, చేతికి ఒత్తిడి తగిలే చోట ఆపేస్తాను. రెండు వాల్వులూ మూసుకునే చోటు అదే. చెమ్మ లోపలికి పోదు. ఆ మీద పాత బనీను గుడ్డ చుట్టి పెట్టెలో పెడతాను.